మెట్ట ఊళ్ల బస్సు, సభలో ప్రశ్న, ఖజానా లెక్క

శాసనసభ ప్రశ్నల జాబితా చూసే అలవాటున్నవాళ్లకు ఆర్టీసీ ప్రశ్న అచ్చు ఎలా ఉంటుందో తెలుసు. 'ఫలానా నియోజకవర్గంలోని పలు గ్రామాలకు బస్సు సౌకర్యం లేని మాట వాస్తవమేనా? అయినచో తీసుకున్న చర్యలేమి? ఎప్పటిలోగా ఈ సౌకర్యం కల్పిస్తారు?' అని మూడు ముక్కల్లో ఉంటుంది. ఉదయగిరి తీసి కనిగిరి పెట్టినా, కనిగిరి తీసి గిద్దలూరు పెట్టినా మిగతా వాక్యం అలాగే సరిపోతుంది. జవాబూ ముందే ఊహించొచ్చు. రోడ్డు బాగున్న ఊళ్లకు సర్వీసులు నడుస్తున్నాయి, మిగతావి ప్రయాణికుల రద్దీని, బస్సుల లభ్యతను బట్టి పరిశీలిస్తాం అని. సభ్యుడు లేచి 'అధ్యక్షా, మా పిల్లలు కాలేజీకి పోవడానికి నానా తంటాలు పడుతున్నారు' అంటూ అనుబంధ ప్రశ్న వేస్తారు. అధికారులతో మాట్లాడతానని మంత్రి అంటారు. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఫొటోతో వార్త వస్తుంది. అక్కడితో సరి.

ఇందులో మంత్రిని తప్పుపట్టడం తేలిక. కానీ సభ్యుడు అడిగింది కోరిక. కోరికకు హామీ తప్ప ఇంకేం వస్తుంది? లెక్క అడిగితే లెక్క చెప్పక తప్పదు. ఆర్టీసీకి డబ్బు వచ్చే దారి ఈ ఐదారేళ్లలో పూర్తిగా మారిపోయింది. బస్సు టికెట్ డబ్బులతోనే నడిచిన కాలం నాటి ప్రశ్నలే సభలో ఇంకా వినిపిస్తున్నాయి. ఉమ్మడి నెల్లూరు, ఉమ్మడి ప్రకాశం జిల్లాల మెట్ట ప్రాంతానికి ఈ తేడా వల్ల జరిగే నష్టం చిన్నది కాదు.

జీతం ఖజానాది, టికెట్టూ ఖజానాదే

ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ 1958 జనవరి 11న ఏర్పడింది. దానికి ఆధారమైన 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం 22వ సెక్షన్, సంస్థ వ్యాపార సూత్రాల ప్రకారం నడవాలని చెబుతుంది. అంటే ఏ రూటైనా తన ఖర్చు తాను రాబట్టుకోవాలి, లేదా ఇంకో రూటు మిగులుతో ఆ నష్టం పూడాలి. నెల్లూరు నుంచి హైదరాబాద్‌కో బెంగళూరుకో పోయే సూపర్ లగ్జరీ సంపాదిస్తే, రాపూరు డిపో నుంచి అడవి అంచు ఊరికి పోయే పల్లెవెలుగు బతికేది. డిపో మేనేజర్ ముందుండే లెక్క రెండు ముక్కలే: కిలోమీటరుకు రాబడెంత, ఖర్చెంత. డీజిల్ ధర పెరిగినప్పుడల్లా మొదట కోత పడేది రాత్రికి ఊళ్లో ఆగి తెల్లారుజామున బయల్దేరే నైట్ హాల్ట్ సర్వీసుల మీద. ఆ బస్సే లేకపోతే పొద్దున్నే ఆస్పత్రికో మార్కెట్‌కో పోవాల్సినవాళ్లకు ఆ రోజు పని కానట్టే.

2019లో ఉద్యోగుల విలీన చట్టం వచ్చింది. 2020 జనవరి 1 నుంచి 50 వేలకు పైగా ఆర్టీసీ ఉద్యోగులు ప్రజా రవాణా శాఖ పేరుతో ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. సంస్థ అలాగే ఉంది, బస్సులు సంస్థవే, అప్పులు సంస్థవే, సిబ్బంది మాత్రం సర్కారువాళ్లు. ఖర్చులో అతి పెద్ద పద్దు జీతాలే కాబట్టి, ఆ రోజు నుంచి ఆర్టీసీ 'లాభనష్టాలు' అన్న మాటకు పాత అర్థం పోయింది. జీతాల భారం ఖజానా మోస్తే, బదులుగా రాబడిలో కొంత భాగం ఖజానాకు జమ చేసే ఏర్పాటూ వచ్చింది. కుడిచేత్తో ఇచ్చింది ఎంత, ఎడంచేత్తో తీసుకున్నది ఎంత అన్నది సూటిగా అడిగితే తప్ప ఒకచోట కనపడదు.

రెండో మలుపు 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ అనే ఐదు రకాల బస్సుల్లో రాష్ట్ర మహిళలందరికీ ప్రయాణం ఉచితం. సంస్థ బస్సుల్లో నాలుగింట మూడొంతులు ఈ రకాలవే. పథకానికి ఏటా రూ.1,942 కోట్లు ఖర్చవుతుందని ప్రభుత్వం మొదట్లోనే చెప్పింది.

ఆ డబ్బు ఎలా కదులుతుందో బస్సులో నిలబడి చూస్తే తెలుస్తుంది. ఆత్మకూరు బస్టాండ్‌లో ఎక్కిన ఆడమనిషి ఆధార్ కార్డో ఓటరు కార్డో చూపిస్తుంది. కండక్టర్ టికెట్లు కొట్టే టిమ్ మిషన్‌లో స్టేజీ నొక్కి జీరో ఫేర్ టికెట్ కొడతాడు. ఆమె చెల్లించేది సున్నా. కానీ ఆ స్టేజీకి మామూలుగా ఎంత ఛార్జీ అయ్యేదో అదంతా లెక్కలోకి ఎక్కుతుంది. రోజంతా కొట్టిన జీరో టికెట్లు డిపోలో కూడతారు, డిపోలవి జిల్లాలో, జిల్లాలవి విజయవాడలో. చివరికి అది సంస్థ ప్రభుత్వానికి పంపే బిల్లవుతుంది. అందుకే ఒక్క స్టేజీకేగా అని మొహమాటపడి టికెట్ కొట్టకపోయినా, తీసుకోకపోయినా సంస్థకు రావాల్సిన డబ్బుకు ఆధారం పోయినట్టే. 'ఫ్రీయేగా, టికెట్ ఎందుకు' అని కండక్టర్‌తో పేచీ పెట్టుకునేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడే అసలు చిక్కుంది. ఈ డబ్బు టికెట్ల వెంట పోతుంది. టికెట్లు బస్సుల వెంట పోతాయి. రోజుకు పది ట్రిప్పులున్న రూటులో వందల జీరో టికెట్లు తెగుతాయి, వాటికి తగ్గ సబ్సిడీ ఆ రూటుకు దక్కుతుంది. ఒక్క బస్సూ రాని ఊళ్లో ఒక్క టికెట్టూ తెగదు, ఆ ఊరి ఆడవాళ్ల పేరిట ఖజానా నుంచి ఒక్క రూపాయీ కదలదు. రూ.1,942 కోట్లూ రాష్ట్రంలోని మహిళలందరి కోసమన్నది నిజమే. పంచేటప్పుడు మాత్రం బస్సు ఉన్న ఊరికి వడ్డన, లేని ఊరికి ఖాళీ విస్తరి. సీతారాంపురం మండలంలో కొండ కింది ఊరి నుంచి షేర్ ఆటోకు డబ్బులిచ్చి వచ్చి, మండల కేంద్రంలో ఉచిత బస్సు ఎక్కే మనిషికి పథకం సగమే అందినట్టు.

కాబట్టి మెట్ట ప్రాంత ఎమ్మెల్యే 'మా ఊళ్లకు బస్సు వేయండి' అనేకంటే డిపోలవారీగా జీరో టికెట్ల సంఖ్య అడగాలి. ఉదయగిరి డిపోలో ఎన్ని, నెల్లూరు డిపోల్లో ఎన్ని, కనిగిరిలో ఎన్ని, ఒంగోలులో ఎన్ని. ఆ సంఖ్యను ఆయా నియోజకవర్గాల్లోని మహిళా ఓటర్ల సంఖ్య పక్కన పెడితే చాలు, ఎవరికి ఎంత అందుతోందో తేలిపోతుంది. డిపో దాటి పక్క నియోజకవర్గాలకు పోయే రూట్లుంటాయి కాబట్టి ఆ లెక్క గీతగీసినంత కచ్చితంగా రాదు. అయినా తేడా కనపడటానికి సరిపోతుంది. బతిమాలాల్సిన విషయం అప్పుడు రావాల్సిన వాటాగా మారుతుంది. టిమ్ మిషన్ల పుణ్యమా అని ఈ సమాచారం సంస్థ దగ్గర రోజువారీగా ఉంటుంది. 'సేకరిస్తున్నాం' అని తప్పించుకునే వీల్లేదు.

రెండో ప్రశ్న చెల్లింపుల గురించి. బిల్లు ఎంత పెట్టారు, ఖజానా ఎంత ఇచ్చింది, ఎన్నాళ్లకు ఇచ్చింది, ఇంకా ఎంత బాకీ? నెలలవారీగా కావాలి. సంవత్సరం మొత్తం మీద పూర్తిగా చెల్లించామని చెప్పినా, ఆ డబ్బు నాలుగు నెలలు ఆలస్యంగా వస్తే డిపోలో టైర్లు, బ్యాటరీలు, స్పేర్ పార్టుల కొనుగోలు ఆగుతుంది. కాలం చెల్లిన బస్సు ఘాట్ రోడ్డు మీద మొరాయిస్తుంది. కర్ణాటకలో 2023 జూన్‌లో మొదలైన శక్తి పథకం దీనికి మంచి ఉదాహరణ. అక్కడ మహిళల ప్రయాణాలు బ్రహ్మాండంగా పెరిగాయి. రవాణా సంస్థలకు ప్రభుత్వం పడిన బాకీల మీద శాసనసభలో ప్రశ్నలూ వచ్చాయి. ఆ తంతు మనకూ రాదన్న హామీ ఏమీ లేదు. విద్యార్థి పాసులు, వయోవృద్ధుల 25 శాతం రాయితీ వంటి పాత రాయితీల డబ్బు విడిగా వస్తోందా, స్త్రీశక్తి పద్దులో కలిసిపోయిందా అన్నదీ తేలాలి.

ఇదే వరసలో ఇంకో ఖర్చు ఉంది. ఉచిత బస్సు వల్ల గిరాకీ పోయిందని ఆటోవాళ్లు గోల పెడితే, 2025 అక్టోబరు 4న 'ఆటో డ్రైవర్ల సేవలో' పథకం కింద ఒక్కొక్కరికి రూ.15 వేల చొప్పున దాదాపు 2.9 లక్షల మందికి రూ.436 కోట్లు ఇచ్చారు. ఆ సాయం న్యాయమే కావచ్చు. కానీ ఉచిత బస్సు ఖర్చెంత అని అడిగినప్పుడు ఈ రూ.436 కోట్లు కూడా అందులో చేర్చాలా వద్దా? రెండూ వేర్వేరు పద్దుల్లో ఉంటాయి, రెండింటినీ కలిపి చూసేవాళ్లు సభలో తప్ప ఇంకెక్కడా లేరు.

పద్దు నంబర్లలో దాగిన సంగతి

బడ్జెట్ పుస్తకాలు చాంతాడంత ఉంటాయి గానీ, రోడ్డు రవాణాకు సంబంధించి సభ్యుడు గుర్తుపెట్టుకోవాల్సిన నంబర్లు మూడే. 3055 కింద ఉంటే అది రెవెన్యూ ఖర్చు, అంటే సబ్సిడీ, రీయింబర్స్‌మెంట్ లాంటివి. 5055 అంటే పెట్టుబడి ఖర్చు. 7055 అంటే అప్పు. 'ఆర్టీసీకి ఇన్ని కోట్లిచ్చాం' అని మంత్రి చెప్పినప్పుడు అందులో ఏ నంబరు కింద ఎంత అని అడగడం చాదస్తం కాదు. స్త్రీశక్తి బిల్లుకు చెల్లించింది ఇచ్చినట్టు కాదు, కొన్న సేవకు డబ్బు కట్టినట్టు. కొత్త బస్సులు కొనడానికి పెట్టుబడి ఇవ్వడం వేరు. అప్పుగా ఇస్తే, అది రేపు వడ్డీతో సంస్థ మెడకే చుట్టుకుంటుంది. మూడూ కలిపి ఒక పెద్ద అంకె చెబితే వినడానికి బాగుంటుంది.

రాజ్యాంగం 202వ అధికరణం ప్రకారం వార్షిక ఆర్థిక నివేదిక సభ ముందు పెట్టాలి. 203 ప్రకారం ఖర్చును పద్దులుగా సభ ఆమోదించాలి. 266 ప్రకారం చట్టం ద్వారా తప్ప సంచిత నిధి (అంటే ప్రభుత్వ ఖజానా) నుంచి పైసా తీయకూడదు. కాగితం మీద ఇంతకు మించిన అధికారం ఇంకేముంది? ఒక పద్దులో రూ.100 కోత పెట్టాలని తీర్మానం ఇచ్చి, ఆ నెపంతో ఫలానా డిపో దుస్థితి మీద చర్చ లేవనెత్తే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది. ఆచరణలో సమావేశాలు కొద్ది రోజులే జరుగుతున్నాయి. చర్చకు రాని పద్దులన్నిటినీ చివరి రోజు గంపగుత్తగా ఆమోదిస్తారు. ఏడాది మధ్యలో 205వ అధికరణం కింద వచ్చే అనుబంధ పద్దుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆర్టీసీకి అంచనా కంటే ఎక్కువ ఇవ్వాల్సి వస్తే అది కనిపించేది ఆ కాగితాల్లోనే. వాటిని చదివేవాళ్లు తక్కువ.

1950 చట్టంలోనే ఇంకో మంచి ఏర్పాటుంది. ఆర్టీసీ ఖాతాలను కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) ఆడిట్ చేయాలి, ఆ నివేదికను, సంస్థ వార్షిక నివేదికను ప్రభుత్వం సభ ముందు ఉంచాలి. ఏ సంవత్సరం నివేదిక ఎప్పుడు సభకు వచ్చింది అన్న చిన్న ప్రశ్న చాలాసార్లు పెద్ద ప్రశ్నల కంటే పనికొస్తుంది. నాలుగేళ్ల కిందటి లెక్క ఇప్పుడొస్తే దాని మీద ఎవరిని నిలదీస్తారు? అప్పటి మంత్రి వేరు, అప్పటి ఎండీ వేరు.

రోడ్డు ఎవరిది?

బస్సు రాకపోవడానికి ఆర్టీసీ చెప్పే మొదటి కారణం రోడ్డు. ఇందులో నిజం లేకపోలేదు. గుంతల రోడ్డు మీద కమాన్ పట్టీలు విరుగుతాయి, డీజిల్ ఎక్కువ తాగుతుంది, టైము కుదరక రెండో ట్రిప్పు ఎగిరిపోతుంది. అయితే ఒక ఊరికి పోయే ఇరవై కిలోమీటర్లలో మొదటి ఎనిమిది జాతీయ రహదారి కావచ్చు, తర్వాతి ఏడు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ)ది, చివరి ఐదు పంచాయతీరాజ్‌ది కావచ్చు. రవాణా మంత్రిని అడిగితే రోడ్డు నాది కాదంటారు. ఆర్ అండ్ బీ వాళ్లు తమ భాగం వేశామంటారు. పంచాయతీరాజ్ వాళ్లు నిధుల లభ్యతను బట్టి అంటారు. ముగ్గురూ నిజమే చెప్పినా బస్సు మాత్రం రాదు. తిలాపాపం తలా పిడికెడు అన్నమాట.

అందుకని రోడ్డు ప్రశ్నను రూటు పేరుతో, కిలోమీటరు రాళ్లతో సహా, ముగ్గురు మంత్రులకూ వేర్వేరుగా వేయాలి. పాములపాడు, సీఎస్‌పురం, వెలిగండ్ల అంటూ ఊళ్ల పేర్లు చదివితే ఉపయోగం లేదు. ఫలానా రోడ్డులో ఎన్నో కిలోమీటరు నుంచి ఎన్నో కిలోమీటరు వరకు ఏ శాఖ అధీనంలో ఉంది, చివరిసారి ఎప్పుడు తారు వేశారు, ఎంత ఖర్చయింది అని అడగాలి. అప్పుడు జవాబు దాటవేయడం కష్టం. ఒక ప్రశ్నలో చెప్పిన తేదీ ఇంకో శాఖ జవాబులోని తేదీతో సరిపోకపోతే అదీ బయటపడుతుంది.

డబ్బు వైపు నుంచి చూస్తే ఇక్కడ ఒక తేలికైన పట్టు దొరుకుతుంది. 2020 సెప్టెంబరు నుంచి రాష్ట్రంలో పెట్రోలు, డీజిల్ మీద లీటరుకు రూపాయి రోడ్డు సెస్సు వసూలవుతోంది. రోడ్ల కోసమే అని చెప్పి వేసిన పన్ను అది. కావలిలో ట్రాక్టర్‌కు డీజిల్ కొట్టించిన రైతూ కడుతున్నాడు, కందుకూరులో స్కూటర్ నడిపే టీచరమ్మా కడుతోంది, ఆఖరికి ఆర్టీసీ బస్సులో పోసే డీజిల్ మీదా అది పడుతోంది. జిల్లాలో ఎంత వసూలైంది, ఎంత తిరిగి జిల్లా రోడ్లకు వచ్చింది, ఎంత అప్పుల తాకట్టుకు పోయింది అన్నది ఏ పార్టీ సభ్యుడైనా నిర్భయంగా అడగొచ్చు. సెస్సు వేసింది ఒక ప్రభుత్వం, కొనసాగిస్తున్నది ఇంకో ప్రభుత్వం, కాబట్టి ఇబ్బంది ఇద్దరికీ సమానమే. 2024 నవంబరులో రూ.860 కోట్లతో గుంతలు పూడ్చే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు కూడా జిల్లావారీ లెక్క అడగడానికి మంచి అవకాశం వచ్చింది. గుంత పూడ్చిన రోడ్డు రెండు వానాకాలాలు తట్టుకుందా అన్నది దానికి అనుబంధ ప్రశ్న.

రెండు సభల మధ్య నలిగే రైలు

నడికుడి-శ్రీకాళహస్తి రైలు మార్గం 2011-12లో మంజూరైంది. మొత్తం 309 కిలోమీటర్లు. దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి మీదుగా పోతుంది, అంటే రైలు కూత వినని మెట్ట ప్రాంతమంతా దాని దారిలోనే ఉంది. ఖర్చులో సగం రాష్ట్రం భరించాలి, భూమి ఉచితంగా ఇవ్వాలి అన్నది ఒప్పందం. దర్శి దాకా పట్టాలు వచ్చాయి, కింది భాగంలో పనులు ఇంకా సాగుతూనే ఉన్నాయి.

ఈ మార్గం గురించి ఎవరు ఎవర్ని అడగాలి? ఒంగోలు, నెల్లూరు ఎంపీలు లోక్‌సభలో రైల్వే మంత్రిని అడగొచ్చు. అక్కడ వచ్చే జవాబుల్లో రాష్ట్రం వాటా జమ చేయలేదని, భూసేకరణ పూర్తికాలేదని తరచుగా కనపడుతుంది. శాసనసభలో అడిగితే రైల్వే కేంద్రం పరిధిలోది అనేస్తారు. ఇలా రెండు సభల్లోనూ సగం సగం జవాబే వస్తుంది. చేయాల్సిన పని కష్టమైనదేమీ కాదు. లోక్‌సభ జవాబులో రాష్ట్రం ఇవ్వాల్సిందని రాసిన అంకెను పట్టుకుని, అదే సమావేశాల్లో శాసనసభలో ఆర్థిక మంత్రిని అడగాలి: ఈ మొత్తం బడ్జెట్‌లో ఏ పద్దు కింద పెట్టారు, ఎంత విడుదల చేశారు? ఎంపీ, ఎమ్మెల్యే ఒకే పార్టీలో ఉన్న జిల్లాలకు ఇది ఒక ఫోన్ కాల్ పని. భూసేకరణ గురించి మండలాలవారీగా ఎకరాలు, అవార్డు (పరిహారం ఖరారు చేసిన ఉత్తర్వు) తేదీలు, చెల్లించిన పరిహారం అడిగితే అసలు ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. పామూరు వైపు రైతుకు తన పొలం మీద గీసిన గీత ఉందో పోయిందో కూడా తెలియని టెన్షన్ ఒక పక్క, పొలం అమ్ముకోలేని ఇబ్బంది ఇంకో పక్క.

అడిగేవాళ్లు ఎవరున్నారు?

2024 ఎన్నికల్లో ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని పది స్థానాలూ తెలుగుదేశానికే వచ్చాయి. ఉమ్మడి ప్రకాశంలో పన్నెండింట పది. దర్శి, యర్రగొండపాలెం మాత్రమే వైఎస్సార్‌సీపీకి దక్కాయి. రాష్ట్రం మొత్తం మీద 175 మందిలో ప్రతిపక్షం 11 మంది, ప్రతిపక్ష హోదా వివాదంతో వాళ్లు సభకు రావడం కూడా అంతంత మాత్రమే. ఖర్చు మీద చూపు ఉంచాల్సిన ప్రజాపద్దుల కమిటీ అధ్యక్ష పదవిని ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. 2024 నవంబరులో అది అధికార కూటమిలోని జనసేన సభ్యుడు పులపర్తి రామాంజనేయులుకు వెళ్లింది. శాసనమండలిలో ప్రతిపక్షానికి బలం ఉంది కాబట్టి పదునైన ప్రశ్నలు కొన్ని అటు నుంచి వస్తున్నాయి. కానీ మండలి సభ్యుడికి ఉదయగిరి డిపోలో ఎన్ని బస్సులున్నాయో పట్టించుకునే అవసరం ఏముంటుంది?

అంటే ఈ రెండు జిల్లాల రవాణా గురించి సభలో అడగాల్సింది ప్రధానంగా అధికార పక్షం వాళ్లే. తమ ప్రభుత్వాన్ని తాము అడగడంలో మొహమాటం ఉంటుంది. అడిగితే నియోజకవర్గానికి నిధులు ఆగుతాయన్న భయమూ ఉంటుంది. 2022 జులైలో నెల్లూరు రూరల్ ఎమ్మెల్యే కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి అప్పటి అధికార పార్టీ సభ్యుడై ఉండి, ఉమ్మారెడ్డిగుంటలో వంతెన కోసం మురుగు కాలువలోకి దిగి నిలబడ్డారు. రైల్వే, నగరపాలక అధికారులు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారన్నది ఆయన ఫిర్యాదు. ఆ నిరసన టీవీల్లో బాగా కనపడింది, రాష్ట్రమంతా చూసింది. అధికార పార్టీ ఎమ్మెల్యే గోడు వినిపించడానికి సభ కంటే కాలువే మెరుగని తేలడం మాత్రం వ్యవస్థకు పెద్ద మెచ్చుకోలు కాదు.

లెక్కల ప్రశ్నకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. 'డిపోలవారీగా జీరో టికెట్ల సంఖ్య తెలపగలరా' అనడంలో విమర్శ లేదు, ఎదిరింపు లేదు. ముఖ్యమంత్రి పథకం ఎంత బాగా సాగుతోందో తెలుసుకోవాలన్న ఉత్సాహంగా కూడా దాన్ని చూపించుకోవచ్చు. నక్షత్రం గుర్తు లేని ప్రశ్నగా వేస్తే సభలో లేచి నిలబడే పని కూడా లేదు, రాతపూర్వక జవాబు వస్తుంది. ఫొటో రాదు. గంటసేపటి ప్రశ్నోత్తరాల్లో పది ప్రశ్నలు దాటడమే అరుదు కాబట్టి, తన వంతు రాకుండానే సమావేశాలు ముగిసే బాధా తప్పుతుంది. ఎమ్మెల్యేలకు ఆ దారి మీద ఆసక్తి లేకపోవడానికి ఫొటో రాకపోవడమే కారణమనుకోవాలి.

మంత్రి సభలో 'పరిశీలిస్తాం' అన్న తర్వాత దాన్ని వెంటాడే బాధ్యత ప్రభుత్వ హామీల కమిటీది. పార్లమెంటులో ఇలాంటి మాటల జాబితానే ఉంది, చెప్పిన మూడు నెలల్లో హామీ నెరవేర్చాలన్న గడువూ ఉంది. ఎమ్మెల్యే తనకిచ్చిన హామీని తేదీతో సహా కమిటీకి గుర్తుచేస్తూ ఒక కాగితం రాస్తే, ఆ మాట రికార్డులో సజీవంగా ఉంటుంది. రాయకపోతే తర్వాతి సమావేశాల్లో అదే ప్రశ్న, అదే జవాబు.

సభ కంటే దగ్గరలో జిల్లా పరిషత్ సర్వసభ్య సమావేశం ఉంది. ఎమ్మెల్యేలు అందులో సభ్యులే, జెడ్పీటీసీలు, ఎంపీపీలు ఉంటారు, ఆర్టీసీ జిల్లా అధికారి ఎదురుగా కూర్చుంటారు. ఊరి బస్సు టైము మార్చమని అడగడానికి అసలు చోటు అది. కాలేజీ నాలుగున్నరకు వదిలితే బస్సు నాలుగుంబావుకు పోతుందన్న సమస్య అసెంబ్లీ దాకా ఎందుకు రావాలి? డిపో మేనేజర్ ఒక మాటతో సర్దగలిగింది అది. చిన్న సమస్యను పెద్ద సభకు, పెద్ద లెక్కను ఎక్కడికీ తీసుకుపోకపోవడం మన దగ్గర అలవాటైపోయింది.

జిల్లాల పేర్ల విషయంలో ఒక జాగ్రత్త. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో ఏర్పడింది. మార్కాపురం, గిద్దలూరు వాళ్లకు ఒంగోలు ఎప్పుడూ దూరమే, ప్రత్యేక జిల్లా వాదన పుట్టింది ఆ దూరంలోంచే. 2022 ఏప్రిల్ 4 విభజనలో కందుకూరు నెల్లూరుకు, అద్దంకి, చీరాల బాపట్లకు, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతికి పోయాయి. సరిహద్దులు ఆ తర్వాత కూడా కదిలాయి. కాబట్టి 'జిల్లాలో బస్సులు పెరిగాయా' అని అడిగితే, డిపోలు అటూ ఇటూ మారడం వల్లే అంకె పెరిగినట్టో తగ్గినట్టో కనపడుతుంది. డిపో పేరుతో అడిగితే ఈ గారడీకి అవకాశం ఉండదు.

నెల్లూరు నగరానికి సంబంధించి ఇంకో లెక్క ఇప్పుడే అడగాల్సింది ఉంది. కేంద్రం 2023 ఆగస్టులో పీఎం ఈ-బస్ సేవ పేరుతో 10 వేల ఎలక్ట్రిక్ బస్సుల పథకం ప్రకటించింది. మొత్తం అంచనా రూ.57,613 కోట్లు, అందులో కేంద్రం వాటా రూ.20 వేల కోట్లు. ఆంధ్రప్రదేశ్‌కు 750 బస్సులు కేటాయించారు, వాటిలో నెల్లూరుకూ వాటా ఉంది. 2011 లెక్కల ప్రకారం మూడు లక్షల జనాభా దాటిన నగరాలకే పథకం కాబట్టి ఒంగోలుకు చోటు లేదు. బస్సు కొనేది, నడిపేది కాంట్రాక్టరు. అతనికి కిలోమీటరుకు ఇంత అని చెల్లించాలి, బస్సులో జనం ఉన్నా లేకపోయినా. కేంద్రం ఇచ్చేది 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు రూ.24, 9 మీటర్లదానికి రూ.22, 7 మీటర్లదానికి రూ.20, అదీ గరిష్ఠంగా పదేళ్లు. కాంట్రాక్టరు రేటుకూ ఈ సాయానికీ మధ్య తేడా ఎవరు కడతారు? సిటీ బస్సుల్లో సగం మంది జీరో టికెట్ మీద పోతే టికెట్ రాబడితో ఆ తేడా పూడుతుందా, లేక అది కూడా స్త్రీశక్తి బిల్లులోకే వస్తుందా? రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లని ఒప్పందంలో రాసుకుంటే, ఆ కిలోమీటర్లు నింపడానికి మామూలు సిటీ సర్వీసులు తగ్గిస్తారా, తగ్గించిన ఆ బస్సులు ఆత్మకూరు, ఉదయగిరి, రాపూరు డిపోలకు వస్తాయా? ఒప్పందపు కిలోమీటరు రేటు, కనీస కిలోమీటర్లు, మొదటి సంవత్సరం చెల్లింపుల అంచనా - ఈ మూడు అంకెలూ బస్సులు రోడ్డెక్కకముందే సభ రికార్డులోకి రావాలి. ఒకసారి తిరగడం మొదలయ్యాక, పదేళ్ల చెల్లింపు ఏటా అడగకుండానే బడ్జెట్‌లో వచ్చి కూర్చుంటుంది.